మెట్టప్రాంతమునకు సముద్ర విద్య యేల?



వేములవాడలో సముద్రమును గూర్చి ప్రసంగమన్నచో కొందఱు నవ్వుదురు. ధర్మగుండము చాలును గదా, సముద్ర మెందులకని అడుగువారును కలరు. ఆ ప్రశ్న సహజమే. ఇచ్చటినుండి ఏ దిక్కునకు పోయినను వందల కిలోమీటర్లు దాటినగాని ఉప్పునీరు కాలికి తగులదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో సముద్రమును ఒక్కమాఱైనను చూడకుండనే నిండు జీవితము గడపిన పెద్దలెందఱో. అట్టిచోట ఇంటర్మీడియట్ ముగించిన పిల్లవాడొకడు ఓడల నిర్మాణమో, సముద్ర శాస్త్రమో చదివెదనన్నచో, "మన వంశములో నీటిపని యెఱిగినవాడు బావిలో ఈదినవాడే" యని ఇంటివారు త్రోసిపుచ్చుట వింత కాదు. ఈ ప్రసంగము ఆ పిల్లవాని పక్షమున, ఆ ఇంటివారికి వినిపించుటకై ఉద్దేశింపబడినది.

ముందుగా దూరము మాట. ఊరి ప్రక్కన పాఱు మూలవాగు మానేరులో కలియును. మానేరు మంథని దాపున గోదావరిలో కలియును. వానకాలమున మూలవాగులో దొరలిపోయిన ఇసుకరేణువు, త్రోవలో ఏ కట్టయు అడ్డుపడకున్నచో, భద్రాచలము దాటి, పాపికొండల నడుమ నుండి సాగి, ధవళేశ్వరము దిగి, ఏ అంతర్వేది యొద్దనో బంగాళాఖాతమున పడవలసినదే. ఆ నీటికి తిరుగు ప్రయాణము ఆకాశమార్గము. ఆషాఢ శ్రావణములలో బంగాళాఖాతమున వాయుగుండము లేచి వాయవ్యముగా కదలివచ్చినపుడే ఇచ్చటి చెఱువులు అలుగు పాఱుట రైతులెఱిగిన విషయమే. అనగా ఈ నేల పంటకు మొదలు సముద్రముననే కలదు. ఇక మనుష్యుల సంగతి: ఈ నాలుగు ఊళ్ల చుట్టుప్రక్కల గల్ఫు దేశములకు పోయినవాడు లేని పల్లె అరుదు. వారందఱును అరేబియా సముద్రమును దాటుచున్నవారే. విమానమున కొన్ని గంటలలో దాటుచున్నారు గనుక క్రింద నున్నదేమో చూచుటకు తీరిక లేదు.

తెలుగునాట ఈ విద్య విశ్వవిద్యాలయమున అడుగిడిన కథ వినదగినది. ఆంధ్ర విశ్వవిద్యాలయము 1926లో స్థాపింపబడినది. వాల్తేరు మిట్టలమీద నిలుచున్నవారికి బంగాళాఖాతము ఎదుటనే కనబడుచుండెను. అయినను ఆ నీటిని ఒక ప్రత్యేక శాస్త్రముగా బోధించు ఏర్పాటు చాలకాలము లేకుండెను. 1952లో, వాసిరెడ్డి శ్రీకృష్ణగారు వైస్‌ఛాన్సలరుగా ఉన్న దినములలో, అమెరికా నౌకాదళపు పరిశోధనాలయములో పనిచేయుచున్న యూజీన్ లాఫాండ్ అను శాస్త్రజ్ఞుడు ఫుల్‌బ్రైట్ ఆచార్యుడుగా వాల్తేరునకు వచ్చెను. అప్పుడచ్చట భూగర్భశాస్త్ర శాఖకు ఆచార్యులు సి. మహదేవన్‌గారు. వీరు పూర్వము హైదరాబాదు సంస్థానపు భూగర్భ పరిశీలన శాఖలో పనిచేసినవారు. తెలంగాణపు రాళ్లను పరీక్షించిన చేతులే సముద్రపు టడుగు మట్టిని పరీక్షించుటకును పూనుకొనుట ఈ సభలో చెప్పుకొనదగిన మాట.

విశ్వవిద్యాలయమునకు ఓడ లేదు. భారత నౌకాదళము తన నౌకలలో చోటిచ్చెను. ఆచార్యులును విద్యార్థులును ఆ నౌకలపై పోయి వేఱువేఱు లోతులనుండి నీరు తోడిరి. అడుగు మట్టిని పైకి లాగిరి. నీటి వేడిని కొలిచిరి. వేడిని కొలుచుటకు వారు వాడిన సాధనము చూచినచో పల్లెటూరి కమ్మరియు మెచ్చుకొనును. అది చేప యాకారపు లోహపు గొట్టము. లోన అగ్గిపెట్టె మూతంత గాజుపలక. దానిపై సన్నని పూత. గొట్టమును తీగకు కట్టి నీటిలోనికి జారవిడిచినచో, లోతు పెరిగినకొలది నీటి యొత్తిడి పలకను జరుపుచుండును. వేడి తగ్గినకొలది ఒక సన్నని ములికి ప్రక్కకు కదలి పూతపై గీత గీయుచుండును. పైకి తీసి చూచినచో, ఏ లోతున ఎంత వేడియో ఆ గీతయే చెప్పును. విద్యుత్తు లేదు, ఓడను ఆపవలసిన పనియు లేదు. ఆ గీతలు వందలు కూడినపుడు బంగాళాఖాతపు నాడి కొంత తెలిసెను.

తెలిసినదేమి? సముద్రము పైనుండి క్రిందివఱకు ఒక్కటే నీరు కాదు. పైన వెచ్చని పొర యొకటి కప్పు వేసినట్లుండును. దాని క్రింద వేడి హఠాత్తుగా తగ్గును. అటుపిమ్మట అంతులేని చల్లని చీకటి. వేసవిలో, మార్చి మొదలు మే వఱకు, గాలి నైరృతినుండి ఈశాన్యమునకు తీరము వెంబడి వీచును. భూమి తిరుగుచున్నందున ఉత్తరార్ధగోళమున గాలి త్రోసిన నీరు గాలికి కుడివైపునకు ఒరగును. ఇచ్చట కుడివైపనగా నడిసముద్రము. ఒడ్డున నున్న వెచ్చని నీరు అటు తొలగినపుడు ఆ ఖాళీని నింపుటకు అడుగునుండి చల్లని నీరు పైకి లేచును. ఆ నీటిలో ఏండ్ల తరబడి అడుగున పేరుకొన్న సారము కలదు. రైతు లోతుదుక్కి దున్ని అడుగు మన్నును పైకి తెచ్చినట్లే ఇదియు. సూర్యరశ్మి తగిలినంతనే సూక్ష్మమైన మొక్కలు పెరుగును. వానిని తిను పురుగులు, పురుగులను తిను చేపలు. విశాఖ తీరమున ఇది జరుగుచున్నట్లు లాఫాండ్ కొలిచి చూపెను. ఆ తొలినాటి పరిశోధనలను విశ్వవిద్యాలయము 1954లో గ్రంథముగా వెలువరించినది.

తరువాత 1959 మొదలు 1965 వఱకు పలుదేశములవారు కూడి హిందూమహాసముద్రమును పరిశోధించిరి. నలుబదికి పైగా ఓడలు అందు పాల్గొన్నవి. ఆ కాలముననే, 1963లో, ఆంధ్రతీరమునకు ఎదుట ఖండపు వాలుపై సముద్రగర్భమున మూడు లోయలు లాఫాండ్ కంటబడినవి. ఆయన వానికి పెట్టిన పేర్లు ఆంధ్ర, మహదేవన్, కృష్ణ. కృష్ణ యనగా నది కాదు, వైస్‌ఛాన్సలరు శ్రీకృష్ణగారు. ఓడ లేని విశ్వవిద్యాలయమునకు, దాని ఆచార్యునకు, దాని అధికారికి సముద్రగర్భమున శాశ్వతమైన పేర్లు దొరకినవి. ఆ మహాపరిశోధన ఫలముగా 1966 జనవరి 1న జాతీయ సముద్ర శాస్త్ర సంస్థ వెలసినది.

ఇక ఈ విద్యలో మొదట ఏమి నేర్పుదురు? సముద్రమును మోయునది ఉప్పు. లీటరు సముద్రజలమున సుమారు 35 గ్రాముల లవణము కలదు. అందుచేత ఆ నీరు మంచినీటికంటె నూటికి రెండున్నర వంతుల బరువెక్కువ. ఇది స్వల్పమని తోచును గాని ఓడకు స్వల్పము కాదు. నదిలో నిండుగా మునిగిన ఓడ సముద్రమున ప్రవేశించినంతనే కొంత పైకి తేలును. కనుకనే ఓడ ప్రక్కన ఎంతవఱకు బరువెత్తవచ్చునో తెలుపు గీతలు గీయుదురు. మంచినీటికి ఒక గీత, సముద్రమునకు ఒక గీత, శీతకాలమునకు మఱియొకటి. సామ్యూల్ ప్లిమ్‌సాల్ అను పార్లమెంటు సభ్యుడు పోరాడగా 1876లో ఇంగ్లండులో ఈ గీత తప్పనిసరియైనది. అంతకుముందు అత్యాశగల యజమానులు మోయలేనంత సరకెక్కించి నావికులను ముంచుచుండిరి. భౌతికశాస్త్రములోని చిన్న లెక్క యొకటి ఇంతమంది ప్రాణములు కాపాడిన సందర్భములు అరుదు.

తేలుట యొక పాఠము. ఒరగకుండ తేలుట వేఱు పాఠము. దీనికి ఉదాహరణము వెదకుటకు విశాఖకు పోనక్కఱలేదు. తక్కిన ఊళ్లలో తొమ్మిదవనాడు సద్దుల బతుకమ్మ యైనచో వేములవాడలో ఏడవనాడే గదా. ఆనాటి సాయంకాలము నీటియొడ్డున నిలిచి చూచినచో ఓడల శాస్త్రమంతయు కనబడును. వెడల్పు పళ్లెములో గునుగు, తంగేడు పేర్చి పైకి సన్నగిల్లునట్లు కట్టిన బతుకమ్మ నిటారుగా సాగిపోవును. పందెమునకు పోయి చిన్నపళ్లెముపై ఎత్తుగా కట్టినది ఒడ్డు వదలినంతనే ప్రక్కకు వాలును. కారణమేమి? బరువు కేంద్రము పైకి పోయినది; నీటిని ఒత్తు అడుగు ఇరుకైనది. ఓడ కొంచెము ఒరిగినపుడు నీరు దానిని ఎత్తిపట్టు బలము ఒరిగిన ప్రక్కకు జరుగును. ఆ బలపు గీత ఓడ నడిగీతను ఖండించు చోటును ఫ్రెంచి పండితుడు పియర్ బూగేరు 1746లో లెక్కగట్టి దానికి పేరు పెట్టెను. ఇంగ్లీషువారు మెటాసెంటరు అందురు. ఆ చోటు బరువు కేంద్రమునకు పైన ఉన్నచో ఓడ తిరిగి లేచును. క్రింద ఉన్నచో బోర్లపడును. నీటిమట్టమున వెడల్పు రెండింతలు చేసినచో నిలద్రొక్కుకొను శక్తి ఎనిమిదింతలకు పెరుగునని లెక్క. పళ్లెము పెద్దది తీసికొనుమని అవ్వలు చెప్పునది ఇదియే.

ఈ లెక్క తెలియని కాలమున రాజులు సైతము నష్టపోయిరి. స్వీడను రాజు కట్టించిన వాసా యను యుద్ధనౌక 1628లో తొలి ప్రయాణముననే, స్టాక్‌హోము రేవులో మైలు దూరమైనను పోకుండ, గాలి యొక్కపెట్టు పెట్టగనే ఒరిగి మునిగినది. పై అంతస్తున ఫిరంగుల బరువు ఎక్కువ, అడుగున బరువు తక్కువ. దానిని 1961లో పైకెత్తి మ్యూజియములో పెట్టినారు. నేటి విద్యార్థి అట్టి ముప్పును కాగితముమీదనే కనిపెట్టును. పిమ్మట చిన్న నమూనా చేసి పొడవైన నీటితొట్టిలో లాగి పరీక్షించును. ఈ పద్ధతిని పందొమ్మిదవ శతాబ్దమున విలియం ఫ్రౌడ్ అను ఇంగ్లీషు ఇంజనీరు స్థిరపఱచెను. విశాఖపట్టణములో 1969లో ఏర్పడిన నౌకాదళ పరిశోధనాలయమున ఇట్టి తొట్టి అర కిలోమీటరు పొడవు గలది ఉన్నది.

విశాఖపట్టణమునకు ఈ విద్యలో పెద్దపేరు వచ్చుటకు సముద్రము కనబడుటయే కారణము కాదు. 1933లో అచ్చట రేవు తెఱచిరి. 1941లో బాబూ రాజేంద్రప్రసాదుగారు ఓడల కార్ఖానాకు శంకుస్థాపన చేసిరి. 1948 మార్చి 14న జవాహర్‌లాల్ నెహ్రూగారు జలఉష యను ఓడను నీటిలోనికి జారవిడిచిరి. సింధియా కంపెనీవారు స్థాపించిన ఆ కార్ఖానాయే తరువాత ప్రభుత్వము చేతికి వచ్చి హిందూస్థాన్ షిప్‌యార్డు అయినది. ఓడలు కట్టుచోట ఓడల చదువు పెరుగుట సహజము. కాని ఆ రేవును కట్టినవారిని ఎక్కువ పరీక్షించినది ఓడ కాదు, ఇసుక. నైరృతి ఋతుపవనకాలమున అలలు తీరమును ఏటవాలుగా తాకుచు ఇసుకను ఉత్తరమునకు నెట్టుకొని పోవుచుండును. రేవు ముఖద్వారము ఆ ఇసుకకు గుంటవలె అడ్డుపడును. అందుచేత డాల్ఫిన్స్ నోస్ కొండ దాపున రెండు పాత ఓడలను ముంచి అలలకు అడ్డు నిలిపిరి. నేటికిని త్రవ్వోడలు ఇసుకను తోడుచునే యుండును. అడ్డుపడిన ఇసుక అవతలి తీరమునకు చేరదు గనుక అచ్చట ఒడ్డు కోసికొనిపోవును. కావున తోడిన ఇసుకనే అక్కడ పోయుచుందురు. ఒకచోట కట్టు కట్టినచో వేఱొకచోట నేల పోవును. తీరపు ఇంజనీరింగులో మొదటి పాఠము ఇదియే. ఆఖరి పాఠమును ఇదియే కావచ్చును.

చదువదలచిన పిల్లలకు కొన్ని సంగతులు స్పష్టముగా చెప్పవలెను. సముద్ర విద్య యనగా ఒకటి కాదు. ఓడ ఆకారమును, కట్టుబడిని లెక్కగట్టుట నౌకానిర్మాణ శాస్త్రము. నడుచుచున్న ఓడలో ఇంజనులను, బాయిలర్లను, పంపులను చూచుకొనుట మెరైన్ ఇంజనీరింగు. ఇందు నెలల తరబడి ఓడమీదనే బ్రతుకవలెను. రేవులు, అలల అడ్డుగోడలు, నడిసముద్రపు చమురు వేదికలు నిర్మించుట ఓషన్ ఇంజనీరింగు. నీటిని, అడుగును, గాలిని, జీవులను పరిశీలించుట సముద్ర శాస్త్రము. ఖరగపూరు ఐ.ఐ.టి.లో నౌకానిర్మాణ శాఖ 1952 నాటిది. మద్రాసు ఐ.ఐ.టి.లో ఓషన్ ఇంజనీరింగు శాఖ కలదు. 2008లో ఏర్పడిన ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీకి విశాఖలో ఒక ప్రాంగణమున్నది. ఆంధ్ర విశ్వవిద్యాలయమున సముద్ర శాస్త్రముతో పాటు మెరైన్ ఇంజనీరింగును బోధించుచున్నారు. అన్నిటికిని పునాది గణితము, భౌతికశాస్త్రము. మొదటి సంవత్సరము సముద్రము కనబడదు; కనబడునది కలన గణితము, చిత్రలేఖనము, వర్కుషాపులో ఆకురాయి. అలలు చూచెదమని పోయిన పిల్లలు ఇందుచేత నిరాశపడుదురు. సిరిసిల్లలో మగ్గము నడుపువాని కుమారునకు ఈ నిరాశ కలుగదని నమ్మవచ్చును. పోగు పోగు లెక్క చూచినగాని బట్ట రాదని అతడు ఇంటిలోనే చూచినాడు.

హెచ్చరిక యొకటి. "ఓడమీద ఉద్యోగమిప్పింతును, ఇన్ని లక్షలు తెమ్ము" అని తిరుగు దళారులు ఈ ప్రాంతములకును రావచ్చును. గల్ఫు వీసాల పేర మోసపోయిన ఇండ్లు ఇచ్చట లేకపోలేదు. ఓడ నౌకరికి శిక్షణ నిచ్చు సంస్థకు భారత ప్రభుత్వపు నౌకాయాన డైరెక్టరు జనరలుగారి ఆమోదముండవలెను. ఉద్యోగమున చేర్చు కంపెనీకి అదే కార్యాలయము లైసెన్సు ఇచ్చి యుండవలెను. ఉద్యోగమిప్పించినందుకు నావికునియొద్ద రుసుము తీసికొనుట నిషిద్ధము. డబ్బడిగినంతనే ఆ మనిషిని వాకిటినుండియే పంపివేయవచ్చును.

సముద్ర శాస్త్రము చదివినవాడు తప్పక తీరమునకే వలసపోవలెనని అనుకొనుటయు పొరపాటు. దేశమునకు సముద్రపు సమాచారమందించు కేంద్రము సముద్రము లేని హైదరాబాదుననే, వేములవాడకు సుమారు నూట ఏబది కిలోమీటర్ల దూరముననే కలదు. దానిని ఇన్‌కాయిస్ అందురు, 1999లో ఏర్పడినది. 2004 డిసెంబరు 26న సుమత్రా దాపున సముద్రగర్భము కంపించినపుడు లేచిన సునామీ మూడు గంటలలోపుననే ఆంధ్రతీరమును తాకినది. నాలుగు కిలోమీటర్ల లోతు నీటిలో అట్టి అల గంటకు సుమారు 700 కిలోమీటర్ల వేగమున పరుగెత్తును. నడిసముద్రమున ఓడకు తెలియనంత పొట్టిగా నుండి, ఒడ్డుచేరిన కొలది ఎత్తగును. ఆ మూడు గంటలలో తీరవాసులకు చెప్పు ఏర్పాటు అప్పుడు లేకపోయెను. 2007లో హైదరాబాదున సునామీ హెచ్చరిక కేంద్రము నెలకొనినది. నేడు సముద్రగర్భమున కంపము కలిగిన కొలది నిమిషములలో అచ్చటి వారు అల వచ్చునో రాదో లెక్కగట్టి చెప్పుదురు. మత్స్యకారులకు ఏ దిక్కున చేపలు దొరకవచ్చునో తెలుపునదియు ఆ కేంద్రమే. అందుకు ఆధారమైన గుర్తులలో, వాల్తేరులో కొలిచిన చల్లని నీటివంటిదే, నీటి వేడిలోని భేదమొకటి.

ఆ కేంద్రమునకు వార్తలు పంపువానిలో తేలుడు గొట్టములు కొన్ని కలవు. ఆర్గో యని పేరు. ప్రపంచ సముద్రములన్నిటిలో సుమారు నాలుగువేలు తిరుగుచున్నవి. ఒక్కొక్కటి రెండు కిలోమీటర్ల లోతునకు దిగి, పదిదినముల కొకసారి పైకి వచ్చుచు దారిలో ఉప్పును, వేడిని కొలిచి, ఉపగ్రహమునకు చెప్పి, మరల మునుగును. లాఫాండు గాజుపలకకు ఇది మనుమడు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలమంది పోయిరి. తుపాను గాలి నీటిని త్రోసికొని వచ్చి, లోతు తక్కువగు తీరమున ఎత్తుగా పేర్చుటయే ఉప్పెన. వెచ్చని నీటి పొర ఎంత మందమో తెలిసినచో తుపాను ఎంత బలియునో కొంత ఊహింపవచ్చును. బంగాళాఖాతమున ఆ పొరను కాపాడునది నదుల మంచినీరు; ఉప్పునీటికంటె తేలికగుటచే అది పైన మూతవలె పఱచుకొని క్రింది చల్లని నీటితో కలియకుండ చేయును. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, గోదావరి, ఇవన్నియు ఆ మూతకు నీరు పోయుచున్నవే. మూలవాగు వంతు ఎంత చిన్నదైనను లెక్కలోనిదే.

నీటికంటె ఇసుక లెక్క ఎక్కువ కలవరపెట్టునది. గోదావరి తెచ్చిన ఒండ్రుమట్టియే కోనసీమ. వేల సంవత్సరములుగా దక్కను పీఠభూమి నల్లమన్ను, తెలంగాణపు ఎఱ్ఱమన్ను అచ్చట చేరి నేలయైనది. ఒకప్పుడా మన్ను ఎక్కువై ఇబ్బంది కలిగించెను. కాకినాడ దాపున కోరంగి పూర్వము పేరుపడిన రేవు. ఓడలు కట్టిన చోటు. 1839 తుపాను దానిని దెబ్బతీసినది. అటుపిమ్మట ఒండ్రు దానిని పూడ్చినది. ఆ ఇసుకయే పొడవైన దిబ్బగా పెరిగి హోప్ దీవియై నేడు కాకినాడ రేవును అలలనుండి కాయుచున్నది. ఒక రేవును చంపి మఱొకదానిని కాచిన ఇసుక అది.

ఇప్పుడు కథ తిరుగబడినది. ఆంధ్ర విశ్వవిద్యాలయపు పరిశోధకులు ధవళేశ్వరమువద్ద గోదావరి మోసికొనివచ్చు మట్టి లెక్కలు చూచిరి. 1970 తరువాతి దశాబ్దిలో వచ్చిన దానితో పోల్చగా 1990 తరువాతి దశాబ్దిలో వచ్చినది మూడవ వంతునకు కొంచెము మించినదే. ఉపగ్రహ చిత్రములను పోల్చి చూడగా 1976కును 2001కిని నడుమ డెల్టా ముఖమున సుమారు 18 చదరపు కిలోమీటర్ల నేల నికరముగా సముద్రము పాలైనట్లు తేలినది. ఉప్పాడలో ఇండ్లు కొట్టుకొనిపోవుట చాలమంది పత్రికలలో చూచిన సంగతియే. ఉప్పాడ కోతకు కారణ మొక్కటే కాదు. హోప్ దీవి పెరుగుదల, రేవు కట్టడములు, అలల దిశ, ఇవన్నియు కూడ అందు చేరును. కాని డెల్టా మొత్తమునకు మట్టి తగ్గుటకు మాత్రము ఎగువ జలాశయములు ప్రధాన కారణమని ఆ పరిశోధకుల నిర్ణయము. వాననీరు జలాశయమున నెమ్మదించినంతనే మోసికొనివచ్చిన మన్నును అక్కడనే దింపివేయును. తూములద్వారా పోవునది తేటనీరు.

ఆ జలాశయములలో ఈ ప్రాంతపువియు కలవు. నర్మాలలో ఎగువ మానేరు, కరీంనగరు చెంత దిగువ మానేరు, నడుమ మాన్వాడ వద్ద మధ్య మానేరు. మధ్య మానేరు నిండుట 2018 తరువాతనే. దాని నిండుకొలత 25 టి.ఎం.సి.లకు పైన. రుద్రవరము, అనుపురము, సంకెపల్లి మొదలగు ఊళ్లు దానిక్రింద పోయినవి. ఆ ఊళ్లవారి దుఃఖము ఇచ్చట చాలమంది ఎఱిగినదే. నీరు వచ్చినందుకు కలిగిన సంతోషమును ఎఱిగినదే. మెట్టప్రాంతపు రైతును నీరు వదలుకొమ్మని చెప్పు అధికారము కోనసీమవారికి లేదు. తమ నేల కరగిపోవుచుండగా మాటాడవద్దని వారికి చెప్పు అధికారము ఇచ్చటివారికిని లేదు. ఇట్టి వివాదమును తీర్చవలసినది కేక కాదు, కొలత. జలాశయమున ఏటేట ఎంత మన్ను దిగుచున్నది, దానిని వరదకాలమున తలుపులెత్తి క్రిందికి పంపుటకు వీలున్నదా, పంపినచో దిగువ మానేరులో మరల ఆగునా, ఆగక పోయినచో ధవళేశ్వరము వఱకు ఎన్నేండ్లకు చేరును, తీరమున అలలు దానిని ఎటు త్రోయును? ఈ ప్రశ్నలలో మొదటి సగము నీటిపారుదల ఇంజనీరుది. రెండవ సగము సముద్ర శాస్త్రజ్ఞునిది. రెండును చదివినవాడు ఉన్నచో రెండు వైపులవారును అతని మాట విందురు.

ఈ విద్యకు పుస్తకములు చాలవఱకు ఇంగ్లీషుననే కలవు. తెలుగు మాధ్యమమున చదివిన పిల్లలు మొదటి ఏడాది అచ్చటనే తడబడుదురు. లెక్క రాక కాదు, మాట రాక. ఇరువదియైదేండ్లు నిండిన ఈ గ్రంథాలయమున ఒక బీరువాలో పది పుస్తకములైనను ఈ విషయముపై చేర్చుట సభ్యులకు భారము కాదు. ఇంగ్లీషు పాఠ్యగ్రంథమొకటి, దానిప్రక్క తెలుగు భౌతికశాస్త్ర పారిభాషిక పదకోశమొకటి, ఆంధ్రప్రదేశ్ తీరమును, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ నదులను చూపు పెద్ద పటమొకటి మొదట చాలును. ఆ పటమును పిల్లలకు అందునంత ఎత్తులో గోడకు తగిలించినచో మూలవాగునుండి వ్రేలు పెట్టి అంతర్వేది వఱకు వారే గీసికొందురు. ఇక కొలతలకు విశ్వవిద్యాలయము వఱకు ఆగనక్కఱలేదు. వచ్చు వానకాలమున ప్రతి వరదకును మూలవాగు వంతెన వద్ద ఒక సీసా నీరు పట్టి, తేదీ వ్రాసి, మన్ను అడుగున పేరుకొనిన పిదప ఆరబెట్టి తూచినచో, ఈ వాగు ఏ వరదకు లీటరుకు ఎన్ని గ్రాముల మన్ను మోయుచున్నదో గ్రంథాలయపు పుస్తకమున నమోదగును. పదేండ్ల లెక్క యున్నచో, వాల్తేరులోనో హైదరాబాదులోనో పరిశోధించువారు దానికొఱకు ఇచ్చటికే రావలసివచ్చును.